ఏ రకం కష్టం మీది?

కష్టపడితే కానిదేదీ లేదని చెప్పని వ్యక్తిత్వ వికాస పుస్తకం దాదాపు ఉండదు. ఆ మాట అబద్ధమని నేననను, సగం మాట అంటాను. అర్ధరాత్రి దాకా కూర్చుని, మర్నాడూ కూర్చుని, పని తెమలక చివరికి తమ బుర్ర మీదే అనుమానం తెచ్చుకున్నవాళ్లు ప్రతి హాస్టల్లోనూ, ప్రతి ఆఫీసులోనూ కనిపిస్తారు. వాళ్లకు పట్టుదల పాఠాలు మళ్లీ చెప్పడం దండగ. ముందున్న పని ఏ రకం కష్టమో తేల్చుకునే నేర్పు కావాలి. అది కంప్యూటర్ శాస్త్రం దగ్గర పుష్కలంగా ఉంది. ఒక లెక్క ఎంత కష్టమో కొలవడానికే అందులో ఒక శాఖ నడుస్తోంది.

విజయవాడలో ఉండే మెడికల్ రెప్ ఒకరు కొన్ని ఊళ్లు చుట్టి, ఏ ఊరికీ రెండోసారి వెళ్లకుండా, తిరిగి ఇంటికి రావాలి. మొత్తం దూరం అన్నిటికంటే తక్కువ కావాలి. విజయవాడతో కలిపి 10 ఊళ్లయితే సాధ్యమయ్యే దారులు 1,81,440. సెకనుకు 100 కోట్ల దారులు కొలిచే కంప్యూటర్‌కు అది రెప్పపాటు పని. 15 ఊళ్లయితే 44 సెకన్లు. 20 ఊళ్లయితే 704 రోజులు. 25 అయితే సుమారు 98 లక్షల సంవత్సరాలు.

ఇంకా కష్టపడదాం అంటారా? సరే, వెయ్యి రెట్లు వేగమైన కంప్యూటర్ తెచ్చుకోండి. ఆ 704 రోజుల్లో ఇదివరకు 20 ఊళ్లు తేలేవి, ఇప్పుడు 22 తేలతాయి. వెయ్యి రెట్ల శ్రమకు దక్కింది రెండు ఊళ్లు.

కాబట్టి ఏదైనా పని తలకెత్తుకునే ముందు చిన్న పరీక్ష పెట్టండి. అదే పనిని చిన్న సైజులో చేసి చూడండి: అయిదింటికి ఎంతసేపు పట్టింది, ఆరింటికి ఎంత, ఏడింటికి ఎంత. ఒక్కొక్కటి చేరినప్పుడు ఇంకో అరగంట కలుస్తోందా? అయితే ధైర్యంగా కూర్చోండి, శ్రమ ఫలిస్తుంది. ఒక్కొక్కటి చేరినప్పుడు అంతకుముందు పట్టిన సమయం రెట్టింపవుతోందా? అయితే నిద్ర మానుకుని లాభం లేదు. జూన్‌లో బడి తెరవగానే టైమ్‌టేబుల్ వేసే టీచర్‌ని అడగండి. నలుగురు టీచర్లున్నప్పుడు ఆటలా ఉన్న పని, పదిహేను మంది అయ్యేసరికి ఎందుకు తలనొప్పి అయిందో చెబుతారు. ఒకరి పీరియడ్ జరిపితే ఇంకో ముగ్గురివి కదులుతాయి. టైమ్‌టేబుల్ వేయడం నిజంగానే మొండి లెక్కల జాతిలోనిదని 1976లో షిమోన్ ఈవెన్, అలోన్ ఇటాయ్, అడి షమీర్ రుజువు చేశారు. ఆ టీచర్‌కు తెలివి తక్కువై కాదు.

ఇక్కడ చురుకైన పాఠకుడు ఒక ప్రశ్న వేయాలి. దారులు లెక్కకు మిక్కిలి ఉన్నంత మాత్రాన లెక్క కష్టమైపోతుందా? పోదు. 60 మంది విద్యార్థుల పేర్లను పేర్చగల వరసలెన్నో తెలుసా? 82 అంకెల సంఖ్య. అయినా ఆఫీసులో గుమస్తా పది నిమిషాల్లో వాటిని అక్షరక్రమంలో పెట్టేస్తాడు, ఎందుకంటే అన్ని వరసలూ చూడాల్సిన అవసరమే లేదు. అవకాశాలు ఎక్కువ ఉన్నాయని భయపడి వదిలేసిన పనుల్లో సగం ఇలాంటివే. భయం సంఖ్యను చూసి పుట్టింది, పనిని చూసి కాదు.

మరి మన రెప్ లెక్కలోనూ అలాంటి కిటుకు ఉందేమో అని వెతికినవాళ్లు మామూలువాళ్లు కాదు. 1962లో రిచర్డ్ బెల్‌మన్ ఒకవైపు, మైకేల్ హెల్డ్, రిచర్డ్ కార్ప్ ఇంకోవైపు ఒకే ఉపాయం పట్టుకున్నారు. ఇప్పటిదాకా ఏయే ఊళ్లు చుట్టాం, ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాం, ఈ రెండూ తెలిస్తే చాలు. వాటిని ఏ వరసలో చుట్టామన్నది ఇక ముందుకు అక్కర్లేదు. గడిచిన వరసను మర్చిపోవడమే అందులో గొప్పతనం. ఆ ఒక్క ఉపాయంతో 25 ఊళ్ల లెక్క 98 లక్షల ఏళ్ల నుంచి 21 సెకన్లకు దిగింది! బుర్రకు పదును పెడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. కానీ అదే పద్ధతిలో 50 ఊళ్లు పెట్టి చూడండి, 89 సంవత్సరాలు పడుతుంది. గోడ కూలలేదు, కాస్త దూరం జరిగింది.

ఆ గోడ ఏమిటో చెప్పినవారు స్టీఫెన్ కుక్. బర్కిలీలో గణితం చెప్పేవారు. 1970లో అక్కడివాళ్లు ఆయన్ని కొనసాగించలేదు. టొరంటో వెళ్లారు. మరుసటి ఏడాది ఒక సదస్సులో ఎనిమిది పేజీల వ్యాసం చదివారు. సమాధానాన్ని సరిచూడడం సులువుగా ఉండి, వెతికి పట్టడం మాత్రం కష్టంగా కనిపించే లెక్కలు వేలకొద్దీ ఉన్నాయి కదా, వాటన్నిటినీ తర్కానికి సంబంధించిన ఒకే ఒక్క లెక్కలోకి మార్చవచ్చని అందులో చూపించారు. ఆ వ్యాసం చదివినవారిలో రిచర్డ్ కార్ప్ ఒకరు. పదేళ్ల కిందట ఊళ్ల లెక్కతో కుస్తీ పట్టిన కార్పే, ఇప్పుడు అదే బర్కిలీలో ప్రొఫెసర్. 1972లో ఆయన పైకి ఏ సంబంధమూ లేని 21 లెక్కల జాబితా వేసి, అన్నీ లోపల ఒకటేనని తేల్చారు. సోవియట్ యూనియన్‌లో లియోనిడ్ లెవిన్ కూడా ఇదే విషయాన్ని సొంతంగా కనిపెట్టి 1973లో ప్రచురించారు. వీటికే ఎన్‌పీ-కంప్లీట్ అని పేరు, నేను మొండి లెక్కలంటున్నది వీటినే. ఒక్కదానికి వేగవంతమైన దారి దొరికితే అన్నిటికీ దొరికినట్టే. ఇప్పటిదాకా ఒక్కదానికీ దొరకలేదు. దొరకదని రుజువూ లేదు. ఎటో ఒకవైపు తేల్చినవారికి ఇస్తామని క్లే గణిత సంస్థ 2000లో ప్రకటించిన 10 లక్షల డాలర్లు ఇంకా అలాగే ఉన్నాయి.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇదంతా డీఏఏ (డిజైన్ అండ్ అనాలిసిస్ ఆఫ్ అల్గారిథమ్స్) పేపర్ చివరి యూనిట్‌లో వస్తుంది. చివరి యూనిట్ కదా, చాలామంది ఛాయిస్‌లో వదిలేస్తారు. ఉద్యోగంలో చేరాక అన్నిటికంటే ముందు అక్కరకొచ్చేది అదే.

ఎలా అక్కరకొస్తుందో మైకేల్ గేరీ, డేవిడ్ జాన్సన్ 1979లో రాసిన పుస్తకంలో కార్టూన్లుగా ఉంది. బాస్ ఇచ్చిన లెక్కకు వేగవంతమైన పద్ధతి దొరకని ఉద్యోగి మొదటి బొమ్మలో తన తెలివి చాలలేదని ఒప్పుకుంటాడు. రెండో బొమ్మలో అలాంటి పద్ధతే ఉండదని చెప్పాలనుకుంటాడు, కానీ దానికి రుజువు కావాలి, అది ఎవరి దగ్గరా లేదు. మూడో బొమ్మలో తన వెనక బారులు తీరిన మహామహుల్ని చూపించి, వీళ్లందరికీ కూడా దొరకలేదని చెబుతాడు. ఆ మూడో బొమ్మే ఉద్యోగం నిలబెడుతుంది.

మీరు కూడా రివ్యూ మీటింగ్‌లో "సార్, నావల్ల కావట్లేదు" అని నిలబడకండి. "సార్, ఇది ఫలానా లెక్కే. యాభై ఏళ్లుగా దీనికి అన్ని సందర్భాల్లోనూ పనికొచ్చే వేగవంతమైన దారి ఎవరికీ దొరకలేదు. మనకు కావలసిన సైజుకు దగ్గరి సమాధానం శుక్రవారానికి ఇస్తాను, ఎంత దగ్గరో కూడా చెబుతాను" అనండి. మొదటి మాటలో మీ మీద తీర్పు ఉంది. రెండోదాంట్లో పని మీద సమాచారం ఉంది. మేనేజర్‌కు రెండోదే కావాలి.

అయితే ఆ మాట అనే హక్కు ఊరికే రాదు. మీ పని నిజంగా ఆ జాతిదేనని చూపాలి. ఇక్కడే చాలామంది తిరగేసి చెబుతారు, ఇంటర్వ్యూల్లో దొరికిపోతారు కూడా. తమ పనిని తీసుకెళ్లి ఆ మొండి లెక్కగా మార్చి చూపిస్తారు. దానివల్ల ఏమీ తేలదు. సులువైన పనిని కూడా కావాలంటే కష్టంగా రాయొచ్చు కదా! చూపాల్సింది అటునుంచి ఇటు. ఆ పాత మొండి లెక్క నా పనిలో దూరి ఉంది, నా పని ఇట్టే అయ్యేదే అయితే ఆ లెక్కా ఇట్టే అయిపోయి ఉండాలి అని చూపాలి. మీ జీవితంలో కష్టాలనుకున్నవాటిని ఒకసారి ఈ గీటురాయి మీద పెట్టండి. ఇంగ్లిష్ మాట్లాడటం, వారానికి నాలుగు రోజులు నడవడం, తమ్ముడితో చెడిన మాటలు కలుపుకోవడం. వీటిలో ఎన్నింటిలో నిజంగా మొండి లెక్క దాగి ఉంది? ఎన్నింటిని మనమే చుట్టూ తిప్పి కష్టంగా చేసుకున్నాం?

కష్టం ఎక్కడ మొదలైందో పట్టుకోవడం ఇంకో నేర్పు. ఒక మ్యారేజ్ బ్యూరోలో రెండు వందల మంది అబ్బాయిలు, రెండు వందల మంది అమ్మాయిలు ఉన్నారు. ఎవరికి ఎవరు సమ్మతమో జాబితా ఉంది. వీలైనన్ని ఎక్కువ జంటలు కలపాలి. ఇది సులువైన లెక్క, దానికి చాలా వేగంగా పనిచేసే పద్ధతి 1973లో వచ్చింది. దాన్ని ఇచ్చింది జాన్ హాప్‌క్రాఫ్ట్, మళ్లీ మన కార్పే! ఇప్పుడు మూడో షరతు చేర్చండి. అబ్బాయి, అమ్మాయి, ముహూర్తానికి దొరికే కల్యాణమండపం. ఈ మూడూ కుదిరితేనే పెళ్లి. అంతే, లెక్క కార్ప్ జాబితాలోకి వెళ్లిపోయింది, 21లో అదొకటి. రెండుకి సులువు, మూడుకి మొండి. మీ ప్రాజెక్టు కదలకపోతే చివరగా వచ్చి చేరిన షరతు ఏదో చూడండి. దాన్ని పక్కన పెట్టి మిగతాది చేసి చూడండి. చకచకా నడిస్తే, మాట్లాడాల్సింది మీ సామర్థ్యం గురించి కాదు, ఆ షరతు గురించి. మండపం కోసం ఎవరు పట్టుబడుతున్నారో వాళ్లతోనే మాట్లాడాలి.

సరిచూడటం, వెతకడం వేరని పైన అన్నాను. పత్రికలో వచ్చిన సుడోకు పూర్తయ్యాక తప్పొప్పులు నిమిషంలో చెప్పొచ్చు. పూర్తి చేయడానికి పొద్దంతా పట్టొచ్చు. కోడింగ్ నేర్చుకునేవాళ్లు, గ్రూప్స్‌కి చదివేవాళ్లు ఎక్కువగా పడే గోతి ఇది. వీడియోలో సార్ లెక్క చేస్తుంటే ప్రతి మెట్టూ అర్థమవుతుంది, వచ్చేసిందనిపిస్తుంది. మీకు వచ్చింది సరిచూడటం. పరీక్షలో అడిగేది వెతకడం. వీడియో ఆపి, పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద మొదలుపెట్టినప్పుడు తెలుస్తుంది ఆ రెంటి మధ్య దూరం.

సరే, మొండి లెక్క అని తేలిపోయింది. చేతులెత్తేయాలా? అక్కర్లేదు. ఏదో ఒకటి వదులుకోవాలి. ఏది వదులుకోవాలో తెలిసి వదులుకోవాలి, అసలు విద్య అందులోనే ఉంది.

1976లో ఊళ్ల లెక్క మీద రెండు ఫలితాలు వచ్చాయి. ఒకటి సర్తాజ్ సాహ్ని, టియోఫిలో గొంజాలెజ్‌లది. సాహ్ని అంటే ఐఐటీ కాన్పూర్‌లో చదువుకున్నాయన, మన డీఏఏ పుస్తకం అట్ట మీద సహరచయిత హొరోవిట్జ్ పక్కన పేరున్నాయన. దూరాలు ఎలాగైనా ఉండొచ్చంటే, అసలు సమాధానానికి వంద రెట్లలోపు ఉండే సమాధానానికైనా వేగంగా హామీ ఇవ్వడం కూడా అంతే మొండి పని అని వాళ్లు రుజువు చేశారు. సరైనది వదిలేసి సుమారుగా చాలు అన్నా గోడ కదలదన్నమాట. అదే ఏడాది నికోస్ క్రిస్టోఫిడెస్ ఒక పద్ధతి చూపించారు. అతి తక్కువ దూరానికి ఒకటిన్నర రెట్లు దాటని దారి, గ్యారంటీగా, వేగంగా ఇస్తుంది. రెండూ నిజమే. తేడా ఒకే ఒక్క షరతులో ఉంది. నేరుగా వెళ్లే దారి, మధ్యలో ఇంకో ఊరు తిరిగి వెళ్లే దారి కంటే ఎక్కువ ఉండకూడదు. రోడ్డు దూరాలకు ఈ గుణం ఉంటుంది. విమానం టికెట్లకు ఉండదు, మధ్యలో దిగి మారితేనే చవకగా వచ్చే సందర్భాలు అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులందరికీ తెలుసు.

అందుకే "ఏదో సుమారుగా చేసేద్దాం" అనడం సలహా కాదు. మీ పనిలో ఏ మంచి గుణం దాగి ఉందో ముందు చూడాలి. మీ క్లయింట్లు అందరూ ఒకే జిల్లాలో ఉన్నారా? మీ పరీక్షలో సగం మార్కులు రెండు సబ్జెక్టుల్లోనే ఉన్నాయా? ఆ గుణాన్ని పట్టుకుంటే దాదాపు సరైన సమాధానానికి హామీ దొరుకుతుంది. పట్టుకోకపోతే సుమారు అన్నది గాల్లో దీపమే.

క్రిస్టోఫిడెస్ ఒకటిన్నరను తగ్గించడానికి ఎవరు ఎంత ప్రయత్నించినా నలభై ఏళ్లకు పైగా కుదరలేదు. 2020లో అన్నా కార్లిన్, నేథన్ క్లైన్, షాయాన్ ఒవెయిస్ ఘరాన్ తగ్గించారు. వాళ్లు హామీ ఇచ్చిన తగ్గుదల, దశాంశ బిందువు తర్వాత 35 సున్నాలు పెట్టి ఒకటి రాసినంత. నవ్వొచ్చినా నవ్వకండి. కదలదనుకున్న గోడ కదిలిందని ఆ రంగంలో అందరూ పండగ చేసుకున్నారు. కానీ రేపు ఉదయం వ్యాన్ బయలుదేరాల్సిన కొరియర్ ఆఫీసులో మీరు పనిచేస్తుంటే ఆ సున్నాల వెంట పడకండి. ఎవరి పోటీ దేనితోనో తెలియక, తమకు అక్కర్లేని కొసమెరుగు కోసం ఏళ్లు కరగదీసుకున్నవాళ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది.

అందరికీ పనికొచ్చే హామీ అక్కర్లేదు, నా ఒక్క లెక్క తేలితే చాలు అనుకుంటే ఇంకో దారి ఉంది. 1954లోనే జార్జ్ డాంట్జిగ్, రే ఫుల్కర్సన్, సెల్మర్ జాన్సన్ అమెరికాలోని 49 నగరాలకు అతి తక్కువ దారి తేల్చారు, అన్ని దారులూ కొలవకుండానే. అదే ఆలోచనను సానబట్టి 2006లో ఒక చిప్ తయారీకి సంబంధించిన 85,900 బిందువుల లెక్కను కచ్చితంగా తేల్చారు. మొండి లెక్క అంటే అన్ని సందర్భాల్లోనూ హామీ లేదని అర్థం. మీకు ఎదురైన సందర్భం అంత చెడ్డది కాకపోవచ్చు. ఉన్న వనరులను మేలుగా పంచే లెక్కలకు డాంట్జిగ్‌దే 1947 నాటి సింప్లెక్స్ పద్ధతి ఉంది. దాన్ని ముప్పుతిప్పలు పెట్టే లెక్కలు ఉన్నాయని విక్టర్ క్లీ, జార్జ్ మింటీ 1972లో చూపించారు. అయినా రిఫైనరీలు, విమాన సంస్థలు దాన్ని వాడుతూనే ఉన్నాయి. అత్యంత చెడ్డ సందర్భాన్ని ఊహించుకుని మానేయడం జాగ్రత్త కాదు.

ఇక చివరి సంగతి. ఎవరికీ తెలియదు అన్నది, ఎప్పటికీ కాదు అన్నది ఒకటి కాదు. కొన్ని నిజంగానే ఎప్పటికీ కావు. ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా అది ఆగుతుందో ఆగదో ముందే చెప్పే పద్ధతి ఉండదని 1936లో అలన్ ట్యూరింగ్ రుజువు చేసేశారు. అలాంటి చోట వెతుకులాట మానేయడమే మేలు. కానీ ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అవునా కాదా అని ఏ సందర్భంలోనైనా వేగంగా, తప్పు పోకుండా చెప్పగలమా అన్నది ఎవరికీ తెలియని జాతిలో చాలాకాలం ఉంది. 2002 ఆగస్టులో ఐఐటీ కాన్పూర్ నుంచి జవాబొచ్చింది, చెప్పగలం అని. ప్రొఫెసర్ మణీంద్ర అగ్రవాల్‌తో పాటు దాన్ని రాసిన నీరజ్ కాయల్, నితిన్ సక్సేనా అప్పుడే బీటెక్ ముగించుకున్న కుర్రాళ్లు.

కాదన్న అంచనా తారుమారైన ఇంకో కథ చూడండి. 1977లో రాన్ రివెస్ట్, లెన్ ఆడిల్‌మన్, టైమ్‌టేబుల్ దగ్గర పేరు విన్న ఆ అడి షమీర్ కలిసి ఒక రహస్య సందేశాన్ని 129 అంకెల సంఖ్య వెనక దాచి ఒక పత్రికలో సవాలు విసిరారు. ఆ సంఖ్యను రెండు కారణాంకాలుగా విడదీస్తే సందేశం బయటపడుతుంది, 100 డాలర్ల బహుమతి. అప్పటి పద్ధతులతో ఇంచుమించు అంత పెద్ద సంఖ్యకు 400 కోట్ల కోట్ల ఏళ్లు పడుతుందని అంచనా వేశారు. 1994 ఏప్రిల్‌లో, అంటే 17 ఏళ్లలోపే, అది విడిపోయింది. ఈ మధ్యలో విడదీసే పద్ధతులు మెరుగయ్యాయి, ఇంటర్నెట్ ద్వారా దాదాపు 600 మంది తమ కంప్యూటర్ల ఖాళీ సమయాన్ని పంచుకున్నారు. అంచనా వేసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు, ఆ రోజుకు తెలిసినదాన్ని బట్టి వేశారు.

అందువల్ల మీ నోట్‌బుక్‌లో "ఇది కాదు" అని రాసుకున్న ప్రతి పని పక్కన మూడు సంగతులు చేర్చండి. ఎవరికి కాదు, ఏ సైజుకు కాదు, ఏ తేదీ నాటికి కాదు. ఏడాదికోసారి ఆ పేజీ తిరగేయండి. సైజు తగ్గిన పనులు కొన్ని ఉంటాయి, షరతు ఎత్తేసినవి కొన్ని ఉంటాయి, కొత్త పనిముట్టు వచ్చినవి ఒకటో రెండో ఉంటాయి. మిగతావాటికి తేదీ మార్చి పేజీ మూసేయండి.